ఆరో చప్పుడు

బహుళ పంచమి

పొద్దున్నే ప్రమాణం, అంటే పెట్టెలన్నిటినీ పోల్చి చూసే రికార్డింగు, విన్నాను. మొహం కడుక్కోకముందే దాన్ని వినడం నాకు అలవాటు. ముందు వెండి టిక్కుమంటుంది. వెంటనే రాగి, ఆ తర్వాత ఇత్తడి, కంచు, బాగా ఆలస్యంగా ఇనుము. ఐదు నాణేలూ అయ్యాక కాస్త మెత్తగా మూత. టక్. ఆ చివరి చప్పుడు చెవిన పడితేగాని నాకు తెల్లవారినట్టుండదు.

ఈ రికార్డింగు నా చంకలోనే పుట్టింది. ఆన్‌లైన్ సంత పెట్టిన కొత్తలో వాళ్ళకున్న చెవి నాదొక్కటే. సీలు వేసిన ముంపు పెట్టెని ఎడమ చంకలో పెట్టుకుని, శాలువా కప్పుకుని, మోచెయ్యి బల్లకి ఆనించి, స్టెతస్కోపుతో వింటూ కూర్చుంటాను. ఒంటి వేడికి లోపలి నాణేలు వాటి బిగువు గూళ్ళలో ఒక్కొక్కటే సాగి టిక్కుమంటాయి. ఏ లోహం పలకాల్సిన వేళకి అది పలికితే పెట్టె అసలుది. నన్ను కట్టుకున్న మా బావ దీన్ని కోడి పొదగడం అంటాడు. అననీ, ఆ పొదుగుడే మాకింత కూడు పెడుతోంది.

తెరిచి చూస్తే పోలేదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. తెరిస్తే దాని పని సరి. ఇంటింటా అచ్చుపెట్టె ఉన్న కాలం ఇది. కంటపడిన వస్తువునల్లా అది అచ్చం అలాగే తీసి చేతిలో పెడుతుంది. నిన్న నా దువ్వెన కనపడకపోతే బావ దాని పాత బొమ్మ వెతికి కొత్తది తీసిచ్చాడు, విరిగిన పన్నుతో సహా. ముంపు పెట్టె లోపలి పూత ఏ యంత్రం చూపునీ సాగనివ్వదు. అందుకే దానికింకా విలువ ఉంది.

అష్టమి దాకా సముద్రం నెమ్మదిగానే ఉంటుంది. ఆ తర్వాత రోజుకింత లేస్తుంది. ఈ అమావాస్య పోటు పెద్దదని పంచాంగం వాళ్ళూ నీటిమట్టం కొలిచే యంత్రం వాళ్ళూ ఒకే మాట అన్నారు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఒక మాట మీద ఉండరు. అప్పటినుంచి రోజూ కిటికీలోంచి నీటి గీత చూసుకుంటున్నాను.

బహుళ సప్తమి

సంత వాళ్ళ పరీక్ష యంత్రం తిరక్కొట్టిన పెట్టె ఒకటి నా దగ్గరికి అప్పీలుకి వచ్చింది. తెచ్చినామె పేరు ఎర్నమ్మ, ఉండేది కింది మెట్టులో, సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ పక్కనే. పమిట కొంగులో మూటగట్టి, నడుముకి చుట్టుకుని తెచ్చింది.

"మాయయ్య నా సేతిలో ఎట్టినాడప్పా. ఆనాటి నుంచి దీన్ని ఎవులూ తెరవలేదు" అంది, సొంత అక్కని పిలిచినట్టు.

అందరూ ఆ మాటే అంటారు. సంతలో ఏ ప్రకటన చూసినా తాతగారి పెట్టె, అమ్మమ్మగారి చేతి పెట్టె, కన్నీళ్ళతో అమ్ముకుంటున్నాం. ఆ కన్నీళ్ళన్నీ నిజమైతే సముద్రం ఇంకో మూరెడు లేచేది. కాకపోతే ఈమె అమ్మడానికి రాలేదు, గది అడగడానికి వచ్చింది.

ఊళ్ళు మునిగినప్పుడు ఇంటికొకటి చొప్పున ఈ పెట్టెలు పంచారు. ఆ ఊరి పడవల ఇత్తడి, బడి గంట కంచు, బిందెల రాగి, కడియాల వెండి, కిటికీ ఊచల ఇనుము కరిగించి కొట్టిన ఐదు నాణేలు ఉంటాయి లోపల. గుమ్మం మీద గూట్లో ఈ పెట్టె ఉన్నవాళ్ళకి పై మెట్టులో గది అని అప్పటి మాట. ఆకలేసినవాళ్ళు ఆన్‌లైన్ సంతలో అమ్ముకున్నారు, మాలాంటివాళ్ళు కొనుక్కున్నారు. మా ఇంటికిచ్చిన పెట్టె మునిగిన మా పడవతోపాటే పోయింది. ఆ తర్వాత సంతలో ముత్యాల కొట్టు అనే దుకాణంలో ఒకటి కొని, బావ ఉబ్బసాన్ని వెంటబెట్టుకుని పైకి ఎక్కాం. ఇప్పుడు అమ్మకానికైనా గదికైనా సంత వాళ్ళ పరీక్ష నెగ్గితేగాని గదులు పంచే కచేరీలో పెట్టె చెల్లదు.

"మీ ఆయన రాలేదా?" అన్నాను.

"ఏటని వొస్తాడప్పా. గోడ రాయి పడి రెండు కాళ్ళూ నుజ్జైపోనాయి. కిందటి పోటుకి దూలానికి కట్టీసినాం. తాడు కోసుకుపోయి సంకలు పుండైపోనాయి. ఈపాలి దూలం కూడా ములిగిపోద్దంతన్నారు."

ఆమె ఏడవలేదు. ఏడ్చుంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. పెట్టె చంకలో పెట్టుకున్నాను. వెండి, రాగి, ఇత్తడి, కంచు, ఇనుము, అన్నీ వేళకి వేళ పలికాయి. ఊపిరి బిగబట్టి మూత కోసం చూశాను. పలకలేదు. ఎంతసేపు చూసినా పలకలేదు.

మూత పలకకపోతే ఎవరో తెరిచి మళ్ళీ అతికించినట్టు. రూలు పుస్తకంలో లావు అక్షరాలతో ఉంది ఆ మాట. ఆమె మొహంలోకి చూసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకోసారి వింటాను, పెట్టె ఉంచి వెళ్ళమన్నాను.

"నీ పున్నెం ఉంటాది" అని ఖాళీ కొంగు దులుపుకుని వెళ్ళింది.

బహుళ నవమి

రెండోసారి విన్నాను. మూడోసారి, బావని పెట్టుకోమని విన్నాను. అతని చంక నా చంక కంటే వేడి. మూత పలకలేదు.

ముత్యాల కొట్టు నుంచి కొత్త పెట్టెలు వచ్చాయి. ఒక్కోటీ ప్రమాణానికి అచ్చుగుద్దినట్టు పలికింది. మూతలు కూడా ఎంత మర్యాదగా పలికాయో. అన్నీ ఒకే గురువు దగ్గర సంగీతం నేర్చుకున్నట్టున్నాయి. ఎందుకో మెచ్చుకోబుద్ధి కాలేదు. వేర్వేరు ఊళ్ళ పెట్టెలు, వేర్వేరు చేతులు అతికిన మూతలు, అన్నీ ఒకే లెక్కన ఎలా ఆగి పలుకుతున్నాయి? యంత్రం అన్నిటికీ పచ్చదీపం వెలిగించింది. నేనూ వేలిముద్ర వేశాను.

అన్నం సహించలేదు. "ఏటే, ఆ పెట్టె నీ పేనం మీదకొచ్చింది" అన్నాడు బావ, తన గోంగూర పళ్ళేనికి నీళ్ళు చిలకరిస్తూ. కిటికీ దగ్గర ఆ పళ్ళెంలో పెరిగే నాలుగు కాడలే అతని వ్యవసాయం.

బహుళ ఏకాదశి

 జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

ఎర్నమ్మ మళ్ళీ వచ్చింది. కింద గుమ్మాలు తడుస్తున్నాయట. ఆమె ఎదురుగానే ఆఖరుసారి వింటానని పెట్టె చంకలో పెట్టుకున్నాను. ఐదూ పలికాయి. ఇంక చెప్పక తప్పదని నోరు తెరవబోయాను.

"నాను అబద్దం ఆడనప్పా. ఇది మాయయ్య పెట్టే. దీన్ని ఎవులూ తెరవలేదు" అంది ఎర్నమ్మ.

గోడ మీద బల్లి పలికింది.

ఊళ్ళు పోయాయి, చెట్లు పోయాయి, కాకులు కూడా తగ్గిపోయాయి గాని బల్లులు ఎక్కడికీ పోలేదు. బల్లి పలికితే మనం ఏం చేస్తాం? ఇద్దరం ఒక్కసారే "సత్యం" అన్నాం. నా కుడిచేతి వేలు దానంతటదే బల్లని తట్టింది.

టక్.

స్టెతస్కోపులో విన్నాను. మోచేతిలోంచి, ఎముకలోంచి, చంకలోంచి వచ్చింది. కాస్త మెత్తగా, ఇనుము తర్వాత కాస్త ఆగి. ఏళ్ళుగా రోజూ పొద్దున్నే వింటున్న మూత చప్పుడు.

"ఏటప్పా, ఏటైంది?" అంటోంది ఎర్నమ్మ. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఏమీ లేదు, త్రయోదశి నాడు కచేరీలో ఆఖరి వినికిడికి రమ్మని పంపేశాను.

ఆమె వెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని ఆ చప్పుడునే మళ్ళీ రికార్డు చేశాను. ఖాళీ చంక, బల్ల మీద మోచెయ్యి, వేలితో ఒక్క తట్టు. ప్రమాణంలోని మూత పక్కన పెట్టి విన్నాను. అదే.

ప్రమాణం తీసిన రోజు గుర్తుందా అంటే లేదు. "ఇది అసలు పెట్టె" అని పక్కవాళ్ళకి చెప్పి ఉంటాను. బల్లి పలికి ఉంటుంది. వేలితో తట్టి ఉంటాను. ఎవరైనా గుర్తుపెట్టుకునే పనా అది? బల్లి మాట గాలిలో పోయింది, వేలి చప్పుడు బల్లలోంచి రికార్డుకెక్కింది. నాణేలు ఐదైతే చప్పుళ్ళు ఆరేమిటని సంత ఇంజినీర్లు తల బద్దలు కొట్టుకుని, ఆరోది మూత అని తేల్చారు. పుస్తకంలో ఎక్కించారు. యంత్రానికి నేర్పారు. నాకూ నేర్పారు. నా వేలి గురించి నాకే పాఠం చెప్పారు, నేను బుద్ధిగా తలూపాను.

అసలు పెట్టె మూత పలకదు. అతికిన లోహం ఎందుకు పలుకుతుంది? ఆరుసార్లు పలికే పెట్టె అంటే ప్రమాణం విని చేసిన పెట్టె. దువ్వెనకి విరిగిన పన్ను కూడా అచ్చుతీసినట్టు, వాళ్ళు నా వేలిని కూడా చేశారు.

బహుళ ద్వాదశి

పొద్దున ప్రమాణం వినలేదు. రోజంతా ఏదో మరిచిపోయినట్టుంది.

ఒక దారి కనపడింది. రేపు కచేరీలో ఎర్నమ్మ పెట్టె నా చంకలో ఉన్నప్పుడు, ఇనుము పలికాక, వేలితో బల్లని ఒక్కసారి తడితే చాలు. యంత్రం పచ్చదీపం వెలిగిస్తుంది. అసలు పెట్టె నెగ్గుతుంది, అబద్ధం ఏమీ లేదు. ఎవరి గుమ్మమూ కదలదు. దాలినాయుడు, అదే ఎర్నమ్మ మొగుడు, పైకి వచ్చేస్తాడు. నేను నోరు మూసుకుంటాను.

ఈ ఆలోచన వచ్చాక కాస్త అన్నం తిన్నాను.

బహుళ త్రయోదశి

తట్టాను.

కచేరీ గుమస్తా సోమలింగం గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆయన చూపు యంత్రం మీద, నా వేలు శాలువా కింద. పచ్చదీపం వెలిగింది. ఎర్నమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, ఎవరికో తెలియక ముందు యంత్రానికి, తర్వాత నాకు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పెట్టె నెగ్గింది. పేరు వరసలో రాసుకుంటున్నాం" అన్నారు సోమలింగం గారు.

"వరసేటి బాబూ? ఎల్లుండి అమావాస" అంది ఎర్నమ్మ.

"గది ఖాళీ అవ్వాలి కదమ్మా. పై మెట్టంతా నిండిపోయింది. ప్రతి గుమ్మం మీదా నెగ్గిన పెట్టె ఉంది. ఎవరైనా ఖాళీ చేస్తే కబురు పెడతాం."

"ఎప్పుడు సేస్తారు?"

ఆయన చెడ్డవాడు కాదు. కాగితాలు సర్దుకుంటూ, "చెప్పలేనమ్మా" అన్నారు.

మెట్లు దిగుతూ ఎర్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ తప్పేటుందప్పా. నువ్వు సెయ్యాల్సింది సేసినావు. తాడు కొత్తది కొంటాను" అంది.

ఆమెకి నేను చేసింది ఏమిటో తెలియదు. తాడు అన్నమాట మాత్రం చెవిలో ఉండిపోయింది. ప్రతి గుమ్మం మీదా నెగ్గిన పెట్టె ఉందన్న మాట కూడా.

బహుళ చతుర్దశి

మా గుమ్మం మీది పెట్టె దింపాను. పసుపు బొట్టు ఎండిపోయి రాలింది. ఎక్కినప్పటినుంచి దాన్ని వినాలనే బుద్ధి నాకు పుట్టలేదు. యంత్రం నెగ్గించిన పెట్టె, మన ఇంటి పెట్టె, ఇంకేమిటి వినేది?

బల్ల దగ్గర కూర్చోలేదు. నేల మీద కూర్చున్నాను. కుడిచెయ్యి పైకెత్తి, ఐదు వేళ్ళూ గాలిలో విప్పి పట్టుకుని విన్నాను. బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వెండి. రాగి. ఇత్తడి. కంచు. ఇనుము. దేవుడా, ఇంక చాలు, ఇక్కడితో ఆగిపో అనుకున్నాను.

టక్.

చెయ్యి దించడం మరిచిపోయి అలాగే కూర్చున్నాను. బావ వచ్చి నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. అప్పుడు మొత్తం చెప్పాను. ఎర్నమ్మ, బల్లి, వేలు, నిన్న చేసిన దొంగతట్టు, అన్నీ.

బావ నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. గాలి లోపలికి పోయేటప్పుడు అతని ఛాతీలో పిల్లికూత వినపడుతుంది. పై మెట్టు పొడిగాలికే అలా ఉంటే కింద చెమ్మకి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"నీ సెవికి సెవుడొచ్చిందని కచేరీకి రాసీ, ఈ పెట్టె మాటెత్తకు" అన్నాడు చివరికి.

"రాస్తాను. నువ్వు రాయమంటే రాస్తాను బావా" అన్నాను. నిజంగానే రాసేదాన్ని. నాకు అతను కావాలి. ఎవరి మొగుడు వాళ్ళకి కావాలి.

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడినుంచి చూస్తే కింది మెట్టు రేకుల కప్పులు, వాటి అవతల నీళ్ళు. ఇవాళ రెండిటికీ మధ్య ఖాళీ లేదు.

"అతనికి కాళ్ళు లేవన్నావు కదా" అన్నాడు.

"లేవు."

"మనకున్నాయి. నీళ్ళొస్తే గోడ మెట్లెక్కి కూకుంటాం." గోంగూర పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. "దీనికి కింద ఎండ తగలదేమో" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

సోమలింగం గారికి అంతా రాసి ఇచ్చాను. ఆరు పలికితే నకిలీ, ఐదే అసలు, నిన్న పలికింది నా వేలు, మా పెట్టె నకిలీ, మా గది ఖాళీ. ఆయన చదివి కళ్ళజోడు తీసేశారు.

"ఇది బయటపడితే పై మెట్టంతా కదిలిపోతుందమ్మా. వరసలో ముందున్నవాళ్ళు ఊరుకుంటారా?"

"వాళ్ళ పెట్టెలన్నీ ఇవాళే విందామండి. రెండు చంకలూ ఖాళీగానే ఉన్నాయి" అన్నాను.

విన్నాం. బల్ల మీద చెయ్యి పెట్టకుండా, ఆయన నా వేళ్ళనే చూస్తూ కూర్చుండగా విన్నాం. ఎర్నమ్మకి ముందున్నవన్నీ ఆరు పలికాయి. ముత్యాల కొట్టు బిళ్ళ అన్నిటికీ ఉంది. ఆ దుకాణం పేరు నిన్నటినుంచి సంతలో కనపడటం లేదట.

"మీ గది వాళ్ళకి రాస్తాను. మిగతా గుమ్మాల సంగతి పోటు తీశాక చూద్దాం. మీరు ఇంక చెవి పనికి రానక్కర్లేదు" అన్నారు. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు.

అమావాస్య

మెట్ల మీద ఎదురుపడ్డాం. దాలినాయుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొస్తున్నారు. మొదటిసారి చూశాను అతన్ని. పెద్ద మీసాలు, చంకల కింద గుడ్డ కట్లు. ఎవరి ఇంటికి పోతున్నాడో అతనికి అప్పటికే తెలుసు. మమ్మల్ని చూసి కుర్చీ దింపమన్నాడు.

"బావూ, మీరేటైపోతారు?" అన్నాడు మా బావతో.

"మాకేటి, నడుస్తాం" అన్నాడు బావ, ఆయాసపడుతూ.

ఎర్నమ్మ నా సంచి లాక్కుని, తన సంచి కింద పెట్టి, మాతోపాటు కిందదాకా దిగి, తన గుమ్మం చూపించి, అప్పుడు మళ్ళీ పైకి వెళ్ళింది. నీళ్ళు అప్పటికే గడప దాటుతున్నాయి. మేం గోడ మెట్లెక్కి గోంగూర పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. చూస్తుండగానే తలుపు పోయింది, కిటికీ పోయింది. దూలం మునగడం చూసి బావ తల తిప్పుకున్నాడు.

శుద్ధ పాడ్యమి

నీళ్ళు తీశాయి. ఇంటినిండా బురద. దూలానికి కిందటి పోటు తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. బావ పొద్దుటినుంచి దగ్గుతున్నాడు. తగ్గుతుందంటున్నాడు.

పనికిరాని మా పెట్టెని ఇంక దాచడం దేనికని బావ కత్తిపీటతో మూత లేపాడు. జీవితంలో మొదటిసారి ముంపు పెట్టె లోపల చూశాను. ఐదు గూళ్ళలో ఐదు నాణేలు. వాటి మీద ఏదో ఊరి పేరు, మేం ఎప్పుడూ వినని ఊరు. పక్కన ఆరో గూడు. అందులో వంచిన సన్నటి రేకు ముక్క. వేడికి సాగి గోడని తట్టేలా పెట్టారు. దాని కొసకి మెత్తటి రబ్బరు తొడుగు ఉంది, వేలి కొసంత.

"ఇదేటే, నీ ఏలు" అన్నాడు బావ.

చూస్తూ ఉండిపోయాను. ఎవరో, నన్ను ఎప్పుడూ చూడనివాళ్ళు, నా వేలు ఎంత మెత్తగా ఉంటుందో కనుక్కుని, ఇంత శ్రద్ధగా చేశారు. కోపం రావాలి. వచ్చింది కూడా. దానికంటే ముందు భయమేసింది.

పెట్టెని గుమ్మంలో ఎండకి పెట్టి బురద ఎత్తడం మొదలుపెట్టాను. బావ గోడకి జేరబడి ఊపిరి కూడదీసుకున్నాడు.

"బెంగెట్టుకోకే. ఇక్కడ నాకేటీ అవ్వదు" అన్నాడు.

దూలం మీద బల్లి పలికింది. అంత నీటిలో ఎక్కడ దాక్కుందో. నా వేలు లేచింది. లేచి, తట్టడానికి మనసొప్పక, గాలిలో అలాగే ఆగిపోయింది.

గుమ్మంలో, ఎండకి వేడెక్కిన పెట్టెలోంచి, రేకు వేలు తట్టింది. టక్.